118 ఏళ్ళ పంతం

పెళ్ళిపందిట్లో ముందు పీట ఎవరికి, వెనుక పీట ఎవరికి అన్న తగాదా మనకు కొత్త కాదు. మర్యాద తగ్గిందని విస్తరి ముందునుంచి లేచిపోయిన పెద్దమనిషి ప్రతి ఇంటి చరిత్రలోనూ ఒకడుంటాడు. కాని రెండో పీట వేశారని 118 సంవత్సరాలు పంతం పట్టిన ద్రాక్షతోట సంగతి ఎప్పుడైనా విన్నారా?

ఆ తోట ఫ్రాన్సులో, బోర్డో నగరానికి వాయవ్యంగా, పొయాక్ అనే చిన్న ఊరి దగ్గర వున్నది. పేరు షాతో మూతోన్ రోత్‌షీల్డ్. మూతోన్ అంటే ఫ్రెంచి భాషలో గొర్రె. పేరు ఎంత సాధువైనదో, పంతం అంత మొండిది!

కాఫీపొడి కొట్టులో లాగానే

ఈ తోట ఎర్ర వైన్ ఒక్క రకం పండుతో చేసేది కాదు. పీబెర్రీ, ప్లాంటేషన్ గింజలు పాళ్ళు చూసి కలిపించుకునే మన ఇల్లాళ్ళకు ఈ రహస్యం ఇట్టే బోధపడుతుంది. ఇందులో పెద్ద పాలు కాబెర్నే సోవిన్యోన్ అనే రకానిది. దాని తోలు మందం, రసం వగరు. పంటకు రావటం ఆలస్యం. మెర్లో అనేది ముందుగా పండుతుంది, మెత్తని రుచి. కాబెర్నే ఫ్రాంక్, పెతీ వెర్దో అనే మరి రెండు రకాలు పోపులో దినుసుల్లా కొద్దికొద్దిగా పడతాయి. ఒక రకం వానకు దెబ్బతింటే మరొకటి ఆదుకుంటుంది. అందుకే పాళ్ళు ఏటా మారుతాయి. గులకరాళ్ళ నేల నీటిని నిలవనివ్వదు. వేళ్ళు లోతుకు పోతాయి. కలిపిన రసం ఓక్ చెక్క పీపాలలో ఏడాదిన్నరకు పైగా నిద్రపోయి గాని సీసా ముఖం చూడదు.

దాయాదుల పక్కన

1853లో లండను రోత్‌షీల్డ్ కుటుంబానికి చెందిన నథానియల్ ఈ తోట కొన్నాడు. రెండేళ్ళకే, 1855లో, మూడవ నెపోలియన్ చక్రవర్తి పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టించాడు. దానికోసం బోర్డో దళారులు, ధరలను బట్టి, అక్కడి తోటలను అయిదు తరగతులుగా విడదీశారు. మొదటి తరగతిలో నాలుగు: లఫీత్, లతూర్, మార్గో, ఓ బ్రియోన్. మూతోన్‌కు రెండో తరగతిలో మొదటి స్థానం దక్కింది. అంటే, పంక్తి చివరిదాకా పిలిచి గుమ్మంలో ఆపినట్లు!

పుండుమీద కారమన్నట్లు, 1868లో నథానియల్ పినతండ్రి జేమ్స్ పక్కనే వున్న లఫీత్ తోటను కొన్నాడు. ఇంటిపేరు ఒకటే. గట్టుకు అటు మొదటి తరగతి, ఇటు రెండో తరగతి.

ఇరవయ్యేళ్ళ యజమాని

1922లో నథానియల్ మునిమనుమడు ఫిలిప్ తోట బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై. ఆ రోజుల్లో వైన్ పీపాలతోనే బోర్డో వర్తకుల కొట్లకు వెళ్ళేది. నిలవ చెయ్యటం, సీసాలకెత్తటం వాళ్ళ పని. మధ్యలో ఏది కలిసినా తోటవాడికి తెలియదు. పేరు మాత్రం తోటవాడిది. ఈ పద్ధతి కుర్రవాడికి నచ్చలేదు. 1924 పంట మొదలు ప్రతి సీసా తోటలోనే నింపి, బిరడా బిగించాలని నిశ్చయించాడు. పీపాలు నిలవ చెయ్యటానికి 1926లో నూరు మీటర్ల పొడవు శాల కట్టించాడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. రోత్‌షీల్డులు యూదులు. తోట జర్మనుల వశమైంది. ఫిలిప్ నిర్బంధం తప్పించుకుని ఇంగ్లండు చేరి, ద గాల్ సైన్యంలో కలిశాడు. భార్య ఎలిజబెత్ పుట్టుకతో యూదురాలు కాదు. అయినా గెస్టపో ఆమెను పట్టుకుపోయింది. 1945లో రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో ఆమె కన్నుమూసింది. కూతురు ఫిలిపీన్‌కు అప్పుడు పదకొండేళ్ళు.

ఆ సంవత్సరం ద్రాక్ష మహాద్భుతంగా పండింది. ఫిలిప్ ఆ సీసాల లేబిల్‌మీద విజయచిహ్నమైన "వి" అక్షరం గీయించాడు. అప్పటినుంచి ఏటా ఒక చిత్రకారుడి బొమ్మ వెయ్యటం ఆనవాయితీ అయింది. బ్రాక్, డాలీ, మీరో, షగాల్ అందరూ గీశారు. ప్రతిఫలం డబ్బు కాదు, వైన్ పెట్టెలు!

పీట మారింది

ఏళ్ళ తరబడి ఫిలిప్ అధికారుల గుమ్మాలెక్కాడు. ఆయన వాదం ఒక్కటే: ధరను బట్టి తరగతి అన్నారు గదా, మా ధర మొదటివాళ్ళతో సమానమే గదా! చివరకు 1973 జూన్‌లో వ్యవసాయమంత్రి జాక్ షిరాక్ ఉత్తర్వుమీద సంతకం చేశాడు. తరువాత ఫ్రాన్సు అధ్యక్షుడైంది ఈయనే. 1855 జాబితాలో ఒక తోటకు పై తరగతి ఇచ్చింది ఆ ఒక్కసారే.

అదే ఏడాది ఏప్రిల్‌లో పికాసో మరణించాడు. ఆయన స్మృత్యర్థం ఆయన చిత్రమే ఆ సంవత్సరపు లేబిల్ మీద వేశారు. తమాషా ఏమిటంటే, ఆ ఏటి పంట మాత్రం సామాన్యమే!

ఫిలిప్ 1988లో పోయాడు. పదకొండేళ్ళకే తల్లిని పోగొట్టుకున్న ఫిలిపీన్, 2014లో మరణించేవరకు, తోటను నడిపించింది. 2009 సీసాల మీద బొంబాయిలో పుట్టిన అనిష్ కపూర్ చిత్రం వుంది.

మొదటిదాన్ని కాలేను, రెండోదాన్నని ఒప్పుకోను, నేను మూతోన్‌ను అని ఆ తోట పాత నినాదం. 1973లో దాన్ని మార్చి, ఇప్పుడు మొదటిదాన్ని, ఒకప్పుడు రెండోదాన్ని, మూతోన్ మాత్రం మారదు అని రాసుకున్నారు. గెలిచిన తరువాత కూడా ఆ రెండో పీటను దాచుకోలేదు చూశారా! అసలు మర్యాద అక్కడుంది.