గేటు దగ్గరి రిజిస్టరు – రౌటర్లకూ ఒకటి కావాలి



ఆదివారం వచ్చిందంటే మన హాస్టల్ గేటు దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. "నేను పిల్లవాడి మేనమామని, ఊరికి తీసుకెళ్తాను" అని ఎవరొచ్చినా వాచ్‌మన్ వెంటనే పంపడు. వార్డెన్ గారి రిజిస్టరులో ఆ పేరు ఉందో లేదో చూస్తాడు. ఉంటేనే పంపుతాడు. చిన్నప్పుడు ఆ రిజిస్టరంటే మాకు చెప్పలేనంత కోపం. పీజీలో నెట్‌వర్కులు చదివాకే దాని విలువ తెలిసింది. ఇంటర్నెట్‌లోనూ అలాంటి రిజిస్టరు ఉంది. దాని పేరు రూట్ ఫిల్టర్.

ఇంటర్నెట్ అంటే వేలాది సంస్థల నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలిసిన పెద్ద అల్లిక. ప్రతి నెట్‌వర్కు సరిహద్దులో రౌటర్లు ఉంటాయి. ఒక రౌటరు తన పొరుగు రౌటరుతో "ఫలానా చిరునామాలకు దారి నా దగ్గర ఉంది, వాటికి పోవలసినవి నాకివ్వు" అని చెబుతుంది. ఇలా చెప్పుకునే పద్ధతిని బీజీపీ అంటారు. చిక్కు ఎక్కడంటే, పొరుగువాడు చెప్పింది నిజమా కాదా అని బీజీపీ తనంతట తాను విచారించదు. నమ్మేస్తుంది. పైగా ఆ మాటను మిగతా పొరుగువాళ్లకూ చేరవేస్తుంది.

దీనివల్ల ఎంత నష్టమో 2008 ఫిబ్రవరి 24న ప్రపంచం చూసింది. ప్రభుత్వ ఆదేశం మేరకు పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలనుకుంది. అందుకోసం యూట్యూబ్ చిరునామాలకు ఒక తప్పుడు దారి తయారు చేసుకుంది. అది ఇంటి గడప దాటకూడని మాట. కానీ హాంకాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూ అనే పొరుగు నెట్‌వర్కుకు చేరిపోయింది. వాళ్లు దాన్ని ఆపకుండా లోకమంతా చాటారు. యూట్యూబ్ అసలు ప్రకటన 1024 చిరునామాలకు కలిపి ఉంది. పాకిస్తాన్ ప్రకటన అందులోని 256 చిరునామాలకే. ఉత్తరం మీద జిల్లా పేరొక్కటే ఉన్నదానికంటే వీధి పేరు కూడా ఉన్నది త్వరగా చేరినట్టు, రౌటర్లు కూడా చిన్న పరిధి ఉన్న దారినే ఎంచుకుంటాయి. దాంతో సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు. ఇక్కడ రెండు గేట్లు ఉన్నాయి. బయటికి పంపేవాడి గేటు దగ్గరా ఆగలేదు, లోపలికి తీసుకునేవాడి గేటు దగ్గరా ఆగలేదు. ఏ ఒక్క చోట రిజిస్టరు చూసినా అది అక్కడితో ముగిసేది.

ఇప్పుడు ఆ రిజిస్టరు ఎలా రాయాలో చూద్దాం.

మొదట, పొరుగువాళ్లకు నిజంగా ఏ చిరునామాలు కేటాయించారో తెలుసుకోవాలి. వాళ్లు నోటితో చెప్పింది చాలదు, చిరునామాలు పంచే రిజిస్ట్రీ రికార్డుల్లో చూడాలి. మన ప్రాంతానికి అది ఏపీనిక్.

రెండు, ఆ చిరునామాలతో ప్రిఫిక్స్ లిస్ట్ రాయాలి. ఉదాహరణకు 'పర్మిట్ 203.0.113.0/24' అంటే ఆ 256 చిరునామాల దారిని అనుమతించమని అర్థం.

మూడు, ఆ జాబితాను పొరుగు రౌటరుకు 'ఇన్' వైపు తగిలించాలి. మనం చెప్పే దారులకు 'ఔట్' వైపు మరో జాబితా ఉండాలి.

నాలుగు, సాఫ్ట్ రీసెట్ ఇవ్వాలి. అప్పుడు కనెక్షన్ తెగకుండానే కొత్త జాబితా అమలవుతుంది.

రౌటరు ఈ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. మొదట సరిపోయిన వరుస దగ్గరే తీర్పు చెప్పేస్తుంది. ఏ వరుసా సరిపోకపోతే తిరస్కరిస్తుంది. అంటే జాబితా చివర కంటికి కనపడని 'డినై' ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఈ చివరి మాట మాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో శిక్షణకు వెళ్లినప్పుడు, ఒక కేబుల్ ఆపరేటరు రౌటరు నుంచి తనది కాని దారి ఒకటి వస్తోందని, దాన్ని ఆపమని సీనియర్ చెప్పారు. మేము ఆ ఒక్క దారికి 'డినై' అని ఒకే వరుస రాసి ఊరుకున్నాం. 'పర్మిట్' రాయలేదు. కనపడని 'డినై' ఆ ఆపరేటరు సొంత దారిని కూడా కొట్టేసింది. ఆ కాలనీల్లో నెట్ పోయింది. వాటిలో ఉన్న ఒక నెట్ సెంటరులో ఆ సమయానికి పిల్లలు స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుతున్నారట. స్కాలర్‌షిప్ మీదే చదివిన వాళ్లం మేము. ఆ మాట విని చేతులు వణికాయి. సీనియర్ తిట్టలేదు. మా వరుస తీసేసి, ఆ ఆపరేటరు సొంత చిరునామాలకు ఒక్క 'పర్మిట్' రాశారు. నెట్ వచ్చింది, తప్పుడు దారీ ఆగింది. "రాకూడని వాళ్ల పేర్లు రాస్తూ కూర్చుంటే ఎన్నని రాస్తారు? రావలసిన వాళ్ల పేర్లు రాయండి" అన్నారు. మన వార్డెన్ గారి రిజిస్టరు కూడా అంతే కదా!

2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8212 అనే ప్రమాణం ఇదే చెబుతుంది. బయటి పొరుగుతో నియమం రాసుకోనంతవరకు ఏ దారీ తీసుకోకూడదు, ఏ దారీ చెప్పకూడదు. ఇప్పుడు ఆర్‌పీకేఐ అనే పద్ధతిలో, ఫలానా చిరునామాలను ప్రకటించే హక్కు ఏ నెట్‌వర్కుదో డిజిటల్ సంతకంతో సరిచూసే వీలు కూడా ఉంది. అయినా ప్రిఫిక్స్ లిస్ట్ అవసరం తీరిపోలేదు.

తమ్ముళ్లూ, మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా అందుకున్నవాళ్లం. రౌటరు ఎలా ఉంటుందో కూడా తెలియకుండా కాలేజీకి వెళ్లాం. ఈ పని నేర్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఎఫ్ఆర్ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు కంప్యూటర్‌లోనే రౌటర్లను నడిపి చూడొచ్చు. సెలవులకు వచ్చినప్పుడు అడగండి, కూర్చోబెట్టి నేర్పిస్తాం. ముందుగా మా తప్పు దగ్గరే మొదలుపెడతాం.