దుబాయ్‌కి మొదటిసారా? ముందు బ్యాగు చూసుకోండి

దుబాయ్‌కి మొదటిసారి వెళ్తున్నారా? బ్యాగు మీరే సర్దుకోండి. మనం కూరల్లో వేసుకునే గసగసాలు అక్కడ నిషేధం. మసాలా పొట్లంలో దొరికితే జైలు దాకా పోవచ్చు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా డాక్టర్ చీటీ, అక్కడి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు.

"మా తమ్ముడికి ఇవ్వన్నా" అని ఎవరైనా పార్సిల్ ఇస్తే, మొహమాటపడకుండా విప్పి చూడండి. విప్పనివ్వకపోతే వద్దనేయండి. బ్యాగులో ఏం దొరికినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

దిగాక పాస్‌పోర్టు మీ దగ్గరే పెట్టుకోండి. కంపెనీ దాన్ని లాక్కుని ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫోటోలు ఇంట్లోవాళ్లకూ పంపండి. ఆపదొస్తే పోలీసులకు 999, భారతీయుల సహాయ కేంద్రానికి 80046342కు ఫోన్ చేయండి.