మెడ నిలువని బిడ్డ

బిడ్డకు ఆరు నెలలు నిండినను మెడ నిలువకున్నచో, తెలుగింట అవ్వయు, ఉర్దూ మాట్లాడు ఇంట నానీయు ఒకే మాట చెప్పుదురు: “వాళ్ల నాయన గూడా ఆలస్యంగానే నడిచినాడు, నిమ్మళంగా నడుస్తాడులే.” అది ఆప్యాయతతో పలికిన మాటయే. కాని కొందరు బిడ్డల విషయమున ఆ నిరీక్షణయే తీరని నష్టమగును.

సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతము. గర్భమునందో, ప్రసవ సమయమునందో, తొలి శైశవమునందో ఎదుగుచున్న మెదడునకు తగిలిన దెబ్బ వలన కదలికయు, శరీరపు నిలుకడయు చెడుట దీని లక్షణము. 1861లో విలియం జాన్ లిటిల్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని ప్రసవ కష్టములతో ముడిపెట్టి వివరించెను. మెదడులోని దెబ్బ పెరుగదు. కాని సాధన లేనిచో కండరములు బిగిసి కీళ్లు వంకరపోవును. ఇది అంటువ్యాధి కాదు, శాపమును కాదు. అందరి బుద్ధియు కుంటుపడదు.

దీనిని కనిపెట్టుటకు మొదటి సాధనము యంత్రము కాదు, చూపు. తిరువనంతపురములోని శిశు వికాస కేంద్రము రూపొందించిన పట్టికలో, పుట్టుక మొదలు రెండేండ్ల వరకు 17 అంశములున్నవి: పలుకరించిన నవ్వుట, మెడ నిలుపుట, బోర్లపడుట, వస్తువును చేయి మార్చుకొనుట, నడచుట మొదలగునవి. బిడ్డ వయస్సు వద్ద పెన్సిలును నిలువుగా నుంచవలెను. దానికి ఎడమనున్న ఏ ఒక్కటి చేయలేకున్నను వైద్యునకు చూపవలెను. ఇది జల్లెడ మాత్రమే, రోగ నిర్ణయము కాదు. కొందరు దీనినుండి జారిపోవుదురు. కనుక ఏడాది లోపే ఒక చేతినే వాడుట, పిడికిలి విప్పకుండుట, కాళ్లు కత్తెరవలె బిగియుట కనిపించినచో, పట్టిక ఏమి చెప్పినను ఉపేక్షింపరాదు.

పిమ్మట మెదడు చిత్రము. మాడు పూడకముందు దాని గుండా అల్ట్రాసౌండుతో చూడవచ్చును. సి.టి. స్కాన్ త్వరగా ముగియును. కాని ఎక్స్ కిరణములు సోకును. ఎం.ఆర్.ఐ. ఆ కిరణములు లేకయే సూక్ష్మముగా చూపును. అయితే కదలకుండుటకు మత్తు అవసరము కావచ్చును. నెలలు నిండక పుట్టిన వారిలో మెదడు గదుల చుట్టునున్న తెల్లని పదార్థమునకు, నెలలు నిండి పుట్టియు ఊపిరాడని వారిలో మెదడు లోతునందలి కేంద్రములకు తరచుగా దెబ్బ కానవచ్చును. అయినను నూటికి పదిమందికి పైగా బిడ్డల చిత్రము సరిగానే యుండును. అంతమాత్రమున వ్యాధి లేదనరాదు. అట్టివారిలో వంశానుగత వ్యాధులను గూడ వెదకవలెను. మేనరికములు గల మన సీమలో ఈ సంగతి మరువరానిది.

ఆలూరు నుండి కర్నూలు పెద్దాసుపత్రికి, జమ్మలమడుగు నుండి కడపకు బిడ్డనెత్తుకొని వచ్చు తల్లి ఆనాటి కూలిని వదలుకొని వచ్చును. స్కాను కొరకు వ్యాయామ చికిత్సను వాయిదా వేయుట ఆమెకు అన్యాయము. అనుమానము కలిగిన నాడే సాధన ఆరంభింపవలెను. చిత్రము తరువాత రావచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకే వచ్చి పరీక్షింపవలసియున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేరుపెట్టి గుర్తించినది.

సెలవులలో మన ఊళ్లకు పోవునపుడు మన వెంట ఈ పట్టికయు, ఒక పెన్సిలును ఉండుగాక. తాయెత్తు కట్టుకొనుట వారి వారి విశ్వాసము. దానితో వాదము మనకు వలదు. ఆ తాయెత్తు కట్టిన బిడ్డను ఆ వారమే ఆసుపత్రికి చేర్చుట మాత్రము మన బాధ్యత.