ఊరి గుట్టకు ఊరి నారు



మీ ఇంటిలోని పెద్దలను కూర్చుండబెట్టుకొని ఒక సంగతి అడగండి. వారి చిన్ననాట మీ ఊరి గుట్టమీద ఏయే చెట్లు ఉండెడివి? బండికి, నాగలికి ఏ కర్ర తెచ్చెడివారు? విస్తళ్లు ఏ ఆకుతో కుట్టెడివారు? కరవు సంవత్సరములో పశువులకు ఏ కొమ్మ విరిచి వేసెడివారు? వారు చెప్పిన పేర్లన్నియు ఒక కాగితముమీద వ్రాసుకొని, మరునాడు గుట్ట ఎక్కి, ఒక్కొక్క జాతి చెట్లు ఎన్ని మిగిలియున్నవో లెక్కపెట్టండి. ఏగిస నాలుగు, నెమలినార రెండు, తాని ఒకటి అని తేలినచో, మీరు ఆలస్యము చేయుటకు వీలులేదని గ్రహించవలెను. ఆ ఒక్క తాని పడిపోయిన దినమున ఆ విత్తనము మీ ఊరికి ఉండదు.

అట్టి చెట్ల విత్తనమును కాపాడి, నారు పెంచి, గుట్టకు తిరిగి చేర్చుటకు గ్రామస్థులు తమంత తాము కలిసి నడుపుకొనదగిన చిన్న నర్సరీని గురించి ఈ వ్యాసములో తెలుపుచున్నాము.

కొన్న మొక్క ఎందుకు చాలదు?

"మొక్కలు బయట దొరకునుగదా, మనము పెంచుట ఎందుకు?" అని మీరు అడుగవచ్చును. అమ్మకపు నర్సరీలవారు గిరాకి ఉన్న మొక్కలనే పెంచుదురు. టేకు, మామిడి, పూలమొక్కలు ఎన్నియైనను దొరకును. ఏగిస, సోమిద, పాలకొడిశ, తెల్లపొణికి, బలుసు కావలెనన్న దొరకుట కష్టము. అడుగువారు లేరు గనుక పెంచువారును లేరు.

ఈ చెట్లు పనికిమాలినవి కావు. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేయుదురు. మన పాలకొడిశయే ఆ అంకుడు. కొండపల్లి బొమ్మలు తేలికయైన తెల్లపొణికితో చేయుదురు. ఈ రెండు చెట్లు గుట్టలమీద తరిగిపోయినచో ఆ చేతిపనులకు ఆధారము పోవును.

కొత్త చెట్టు ఎంతగా పాతుకొనునో తెలుసుకొనుటకు సర్కారు తుమ్మను చూచిన చాలును. అమెరికా ఖండమునకు చెందిన ఈ చెట్టు విత్తనమును 1870-80 మధ్య తెప్పించి, వంటచెరకు కొరకు కడప ప్రాంతములో నాటించిరి. వంటచెరకు ఇచ్చినమాట నిజమే. నేటికిని దాని బొగ్గుతో బ్రతుకువారు కలరు. కాని పశువులు కాయలు తిని, పేడతో విత్తనమును ఊరూర చల్లినవి. దట్టముగా పెరిగినచోట దాని క్రింద గడ్డి సరిగా మొలవదు. కొట్టివేసినను మోడునుండి మరల చిగిర్చును. దానిని వేళ్లతో త్రవ్వి తీసినను, ఆ స్థలములో వెంటనే మరియొకటి నాటి కాపాడనిచో మరల అదియే వచ్చి కూర్చుండును. కావున ముందుగా నారు సిద్ధముచేసికొని, తరువాతనే తుమ్మమీద గొడ్డలి వేయవలెను.

ముందు తల్లిచెట్టు

నర్సరీ పని సంచులతో ప్రారంభము కాదు, తల్లిచెట్టుతో ప్రారంభమగును. మేకల కాపరులు, ఉసిరి, కరక్కాయ, ఇప్పపూవు ఏరు స్త్రీలు ఏ చెట్టు ఎక్కడ ఉన్నదో, ఎప్పుడు కాయునో ఇతరులకంటె బాగుగా ఎరుగుదురు. మొదటి సభకు వారినే ముందు పిలువండి.

ఆరోగ్యముగా ఉండి, నిండుగా కాయు చెట్లను గుర్తించి, ఒక పుస్తకములో వాని స్థలము, పూత, కాపు కాలము వ్రాయవలెను. ఒకే చెట్టునుండి విత్తనమంతయు తీయరాదు. అన్నియు ఒక తల్లి పిల్లలే యైనచో ఆ వంశము ముందుకాలమున బలహీనపడును. వీలైనంతవరకు దూరదూరముగా ఉన్న పది, ఇరువది చెట్లనుండి కొంచెము కొంచెముగా సేకరించి కలుపవలెను. మీ గుట్టమీద అన్ని చెట్లు లేనిచో ప్రక్క ఊరి గుట్టవారితో విత్తనము మార్చుకొనండి. చెట్టుక్రింద రాలినదంతయు ఊడ్చి తేరాదు. పక్షులకు, ఉడుతలకు, చెట్టు తనంతట తాను మొలచుటకు చాలవరకు విడిచిపెట్టవలెను. రక్షిత అడవినుండి సేకరింపవలసివచ్చినచో అటవీ అధికారుల అనుమతి ముందుగా పొందవలెను.

నెల తప్పిన విత్తనము చెడును

నవంబరునుండి ఫిబ్రవరి వరకు ఉసిరి, తాని, కరక, రేగు, సండ్ర లభించును. ఫిబ్రవరినుండి మే వరకు ఏగిస, తెల్లమద్ది, కానుగ, చింత, రేల, నెమలినార దొరకును. మే నెల చివరనుండి జూలై వరకు మోదుగ, వేప, నేరేడు, ఇప్ప వచ్చును.

చింత, రేల విత్తనములు డబ్బాలో దాచినను చెడవు. వేప, నేరేడు, ఇప్ప అట్టివి కావు. పండు రాలిన తరువాత కొద్ది దినములలోనే వాని మొలకశక్తి తగ్గిపోవును. గుజ్జు కడిగి, నీడలో తడి ఆర్చి, వెంటనే నాటవలెను. వచ్చే నెల చూతమనినచో విత్తనము చేతిలోనే చచ్చును.

గట్టి పెంకుగల విత్తనములకు కొంత చికిత్స అవసరము. రేలగింజలపై, పొయ్యిమీదనుండి దించిన వేడినీరు పోసి రాత్రియంతయు నాననిచ్చి, ఉబ్బినవానిని నాటవలెను. ఉబ్బనివానికి మరల అట్లే చేయవలెను. చింతగింజలను ఒక దినము, తెల్లమద్ది కాయలను నీరు మార్చుచు రెండు మూడు దినములు నానబెట్టవలెను. ఉసిరి గింజను ఎండబెట్టినచో పెంకు పగిలి లోపలి విత్తులు వెలికివచ్చును. వానిని నీటిలో వేసి, తేలినవానిని తీసి పారవేయవలెను. నేరేడు గింజ ఒకటినుండి రెండు మూడు మొలకలు రావచ్చును. బలమైనదానిని ఉంచి తక్కినవి తీసివేయవలెను.

సంచి, మన్ను, నీడ

రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు జల్లెడపట్టి కలిపి సంచులు నింపవలెను. పచ్చి పేడ వేసినచో వేరు మాడును. సంచి అడుగున, ప్రక్కల నీరు పోవుటకు రంధ్రములు ఉండవలెను. విత్తనము ఎంత లావో దానికి రెండింతల లోతున నాటిన చాలును. మొలకలకు తాటాకు పందిరి నీడ కావలెను. మొక్క నిలద్రొక్కుకొన్నకొలది ఆకులు పలుచన చేయవలెను.

నెలకొకసారి సంచులను ఎత్తి స్థలము మార్చవలెను. ఈ పనిని బద్ధకించినచో వేరు సంచిని చీల్చుకొని భూమిలోనికి దిగును. నాటుదినమున పెకలించినప్పుడు ఆ వేరు తెగి మొక్క చచ్చును. నాటుటకు ఒక నెల ముందునుండి నీడ తీసివేసి, నీరు క్రమముగా తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చేయవలెను. గారాబముగా పెరిగిన మొక్క గుట్టమీద నిలువదు.

వేసవిలో నాలుగు బిందెలు

వన మహోత్సవము మన దేశములో 1950లో ప్రారంభమైనది. ఏటేట జూలైలో పెద్దలు వచ్చి మొక్కలు నాటుదురు. అది మంచిదే. కాని ఉత్సవము ఒక దినము. నారు పని పన్నెండు నెలలు. ఈ ఏడు జూన్‌లో వేసిన వేప, నేరేడు, ఇప్ప వచ్చే ఏడు జూన్‌లో గుట్ట చేరును. నడుమ ఒక నిండు వేసవి గడవవలెను. ఊరి నర్సరీ బ్రతుకునో చచ్చునో ఆ వేసవిలోనే తేలును.

లెక్క చూడండి. అయిదువేల సంచులకు సంచికి దినమునకు పావు లీటరు చొప్పున 1250 లీటర్లు కావలెను. పదునైదు లీటర్ల బిందెతో అది ఎనుబదినాలుగు బిందెలు. ఒక్క మనిషిపై వేసినచో పదియవ దినమున అతడు మానివేయును. ఇరువదియొక్క కుటుంబములు పంచుకొన్నచో ఇంటికి నాలుగు బిందెలే. బోరు ఎండిపోవు ఊళ్లలో అయిదువేల సంచులకు పోక, వేయి సంచులతోనే ప్రారంభించండి. బ్రతికిన అయిదువందల మొక్కలు ఎండిన అయిదువేలకంటె మేలు.

వంతుల పట్టిక నర్సరీ గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయవలెను. పెండ్లిండ్లు, జాతరలు వచ్చు దినములకు మారు మనిషిని ముందే నిర్ణయించవలెను. బడిపిల్లలకు ఎండలో నీరు మోయు పని పెట్టవలదు. వారు ఉదయమున కలుపు తీయుట, విత్తులు వేరుచేయుట, లెక్క వ్రాయుట సంతోషముగా చేయుదురు.

ఇచట ఒక ధర్మము పాటించవలెను. కూలిపై బ్రతుకువారి దినమును శ్రమదానము పేరుతో తీసికొనరాదు. గోతులు త్రవ్వుట, కంచె వేయుట వంటి పెద్ద పనులకు ప్రభుత్వ పథకములనుండిగాని, పంచాయతీనుండిగాని కూలి ఇప్పించవలెను. సెలవు దినమున నీరు పోయుట, తల్లిచెట్టును కనిపెట్టుట, రాలిన విత్తనమును వేళకు తెచ్చుట - ఇట్టివి ఏ మస్టరు పట్టీలోను పట్టవు. స్వచ్ఛంద సేవ కావలసినది అక్కడనే.

ఎక్కడ నాటవలెను? ఎక్కడ మానవలెను?

వాగు ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, కానుగ; మన్నుగల వాలున ఏగిస, ఇప్ప, ఉసిరి, తాని; రాతిగుట్టపై సండ్ర, తెల్లపొణికి చక్కగా పెరుగును. పొదలను మరువవలదు. బలుసు, పరికి, వాక వంటి ముండ్లపొదలు పక్షులకు పండ్లు ఇచ్చును. వాని చాటున మొలచిన మొక్కను మేక సులభముగా అందుకొనలేదు. పండ్లకు వచ్చిన పిగిలిపిట్టలు మీ చేలలోని పురుగులనుకూడ ఏరి తినును. ఆ పండ్ల విత్తనములను గుట్టయంతట తామే చల్లును.

నాటుటకు ముందు నేలను పరీక్షించండి. మోదుగ, తునికి వంటివాని వేళ్లు నేలలో బ్రతికియుండి ఏటేట చిగిర్చి, ఏటేట మేతకు, నిప్పుకు ఆహుతియగుచుండును. అట్టిచోట గొయ్యి త్రవ్వనక్కరలేదు. కొన్ని ఏండ్లు నిప్పునుండి, మేతనుండి కాపాడిన చాలును. ఉమ్మడి అనంతపురము జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతములో 1990లో పని ప్రారంభించిన టింబక్టు కలెక్టివ్, చుట్టుపట్ల గ్రామస్థులతో కలిసి కల్పవల్లి అను బీడు గుట్టలను ఈ విధముగనే పచ్చపరచినది. నిప్పు కాపలా, మేత కట్టుబాటు, నీటికి అడ్డుకట్టలు, విత్తనము చల్లుట అచటి ముఖ్యమైన పనులు.

గడ్డిబీడు కనబడినచోటనెల్ల చెట్లు నాటుటయు తప్పే. బట్టమేకపిట్ట కొరకు 1988లో కర్నూలు జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యమును ఏర్పరచిరి. ఆ పక్షికి, కృష్ణజింకకు కావలసినది బయలు గడ్డినేల. దట్టమైన చెట్లు కాదు. మీ పశువులకును ఆ గడ్డియే ఆధారము.

గుట్టనంతయు ఒకేసారి మూసివేసినచో గొర్రెల కాపరి ఎక్కడికి పోవలెను? నాలుగు భాగములు చేసి, ఒక భాగమును మాత్రము మొక్కలు ఎత్తు పెరుగువరకు మూసి, తక్కినవి మేతకు విడువండి. ఏ భాగము ముందు మూయవలెనో కాపరులతో సంప్రదించి నిర్ణయించినచో వారే కాపలాదారులగుదురు. అడుగకుండ మూసిన కంచె ఒక రాత్రి నిలుచుట కష్టము.

గ్రామాధికారులకు ఒక మాట

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీకి నర్సరీ బాధ్యతను అప్పగించినది. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య రిజిష్టరు వ్రాయవలసియున్నది. మీ తల్లిచెట్ల పట్టికను ఆ రిజిష్టరులో ఎక్కించండి. నర్సరీలో నాలుగవ వంతైనను ఊరి గుట్ట జాతులకు కేటాయించండి. నాటిన మొక్కల సంఖ్య ఒక గడిలోను, మూడవ వేసవి దాటి బ్రతికినవాని సంఖ్య ప్రక్క గడిలోను వ్రాయించండి. రెండవ గడియే అసలైన లెక్క.

ఖమ్మము జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యగారు వేసవిలో విత్తనములు ఏరి, వానలకు చల్లుచు, మొక్కలు నాటుచు జీవితమును గడిపిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిరి. ఒక్క మనిషి సంచి భుజాన వేసికొని చేసిన పనిని ఊరంతయు కలిసి చేయలేదా?

రాబోవు ఆదివారమున గుట్ట ఎక్కండి. మిగిలిన తల్లిచెట్లను లెక్కపెట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కుటుంబమును బాధ్యులుగా పెట్టండి. ఈ ఋతువులో ఏ చెట్టు కాయుచున్నదో చూచి, దోసెడు విత్తనము తెచ్చి, ఆ సాయంత్రమే సంచులలో నాటండి. నర్సరీకి అంతకంటె పెద్ద ప్రారంభోత్సవము అవసరములేదు.