తేల్చేది జాకెట్‌... పట్టి ఉంచేది తాడు
జలాశయాల్లో పడవ ప్రయాణానికి ఏది రక్ష?

అరకులోయ: శీతాకాలం వచ్చిందంటే మన్యానికి పర్యాటకుల తాకిడి పెరుగుతుంది. బొర్రా గుహలు, పద్మాపురం ఉద్యానవనం చూసినవారిలో పలువురు పడవ షికారుపైనా, కొండలపై సాహస క్రీడలపైనా మక్కువ చూపుతారు. కొండపై తాళ్ల మీద జారే క్రీడకు, పారాగ్లైడింగ్‌కు వెళ్లేవారి నడుముకు, తొడలకు పట్టీలతో కూడిన సేఫ్టీ హార్నెస్‌ బిగిస్తారు. పడవ ఎక్కేవారికి లైఫ్‌ జాకెట్‌ ఇస్తారు. రెండూ ప్రాణరక్షణ సాధనాలే అయినా వాటి పని వేర్వేరు. ఒకటి ఉండాల్సిన చోట మరొకటి వాడితే రక్షణ కరవవడమే కాదు, ప్రాణాపాయమూ కలుగుతుంది.

పని తీరులోనే తేడా

మైదాన ప్రాంతంలో గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు, చెట్టుకు కలిపి మోకు వేసుకుంటాడు. కాలు జారినా మోకు అతనిని చెట్టుకే పట్టి ఉంచుతుంది. హార్నెస్‌ చేసే పనీ అదే. మనిషిని స్థిరంగా ఉన్న మరొక దానికి కట్టి ఉంచుతుంది. అంతేగాని అది నీటిలో తేల్చదు.

లైఫ్‌ జాకెట్‌ పని వేరు. పూర్వం ఈత నేర్చుకునే పిల్లల వీపునకు ఎండు సొరకాయ బుర్రలు, బెండ్లు కట్టేవారు. జాకెట్‌లోని నురుగు పలకలు కూడా ఆ సూత్రంపైనే పనిచేస్తాయి. మనిషి శరీరం దాదాపు నీటితో సమానమైన సాంద్రత కలది. నీటిలో తల పైకి నిలవాలంటే సుమారు నాలుగైదు కిలోల అదనపు తేలుడు బలం చాలు. అంతర్జాతీయ ప్రమాణాలు జాకెట్లను ఈ బలాన్ని బట్టి 50, 100, 150, 275 న్యూటన్ల తరగతులుగా విభజించాయి. 50 న్యూటన్లంటే సుమారు 5 కిలోల బలం. ఈ తరగతి ఈత వచ్చి, ఒడ్డుకు చేరువలో ఉండేవారికే సరిపోతుంది. ఈత రానివారికి కనీసం 100 న్యూటన్ల జాకెట్‌ అవసరం. 150 న్యూటన్లు, అంతకు మించినవి సముద్ర ప్రయాణాలకు ఉద్దేశించినవి.

సముద్రంలో రెండూ ఎందుకు?

తెరచాప నౌకలపై సముద్రయానం చేసేవారు జాకెట్‌తో పాటు హార్నెస్‌ కూడా ధరిస్తారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చిన నౌకాదళ మహిళల ‘తరిణి’ నౌక సుమారు 17 మీటర్ల పొడవు గలది. ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఇటువంటి నౌకలు నడిసముద్రంలో ఉండగా మనిషి నీటిలో పడితే, నౌకను మళ్లించి వచ్చేలోగా అలల మధ్య తల కూడా కనిపించదు. అందుకే తుపాను వేళ నావికులు నౌకకు తమను తాము కట్టుకుంటారు. నౌక అడుగున సీసపు లేదా ఇనుప బరువు ఉంటుంది. గాలికి పక్కకు ఒరిగినా తిరిగి లేచి నిలుస్తుంది. కట్టుకున్న మనిషికి ఆ నౌకే ఆధారం.

అక్కడ కూడా హార్నెస్‌ ఒక్కదానినే నమ్మడానికి లేదు. బ్రిటన్‌ తీరంలో 1979లో జరిగిన ఫాస్ట్‌నెట్‌ పందెంలో తుపాను విరుచుకుపడి 15 మంది పోటీదారులు మరణించారు. కొందరి హార్నెస్‌లు, వాటిని తగిలించిన ఆధారాలు ఆ తాకిడికి తట్టుకోలేదని విచారణలో తేలింది.

నదిలో కట్టుకుంటే ముప్పే

మన నదులు, జలాశయాల్లో తిరిగే లాంచీలకు, నాటు పడవలకు అడుగున అటువంటి బరువు ఉండదు. ఒకసారి బోల్తా పడితే తిరిగి లేవవు. లాంచీ అయితే నిమిషాల్లో మునిగిపోతుంది. దానికి కట్టుకుని ఉన్న మనిషిని కూడా తనతో అడుగుకు లాక్కుపోతుంది. కాబట్టి నదీ విహారంలో పడవకు కట్టుకోవడం తగదు. జాకెట్‌ ఒక్కటే శరణ్యం.

2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద ‘రాయల్‌ వశిష్ఠ’ బోటు వరద గోదావరిలో మునిగింది. అందులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వారిని ఒడ్డుకు చేర్చింది సమీప గ్రామాల గిరిజనులే. చాలామంది అప్పటికి జాకెట్లు తీసి పక్కన పెట్టారని బయటపడినవారు తెలిపారు. అక్టోబరు 22న బోటును వెలికితీసినప్పుడు లోపల మృతదేహాలు లభించాయి. జాకెట్‌ బోటులో ఉంటే చాలదు, ఒంటిపై ఉండాలి. మూసి ఉన్న గదిలో కూర్చుంటే ఒంటిపై ఉన్న జాకెట్‌ కూడా మనిషిని పైకప్పుకు అదిమిపెట్టి, బయటకు రానివ్వకపోవచ్చు. అందుచేత బయటకు దారి దగ్గరగా ఉన్న చోట, వీలైతే బహిరంగ డెక్‌పై కూర్చోవడం మేలు.

రేవు దాటేవారికి ఏదీ?

పర్యాటకులది ఒక పూట ప్రయాణం. ముంచంగిపుట్టు మండలంలో మాచ్‌ఖండ్‌ నదిపై ఉన్న జోలాపుట్‌ జలాశయ పరిసరాల గిరిజనులకు నాటు పడవ నిత్యావసరం. సంతకు, ఆసుపత్రికి, బంధువుల ఇళ్లకు నీటిని దాటవలసిందే. 2021 మే 24న సీలేరు జలాశయంలో నాటు పడవలు మునిగి, స్వగ్రామాలకు తిరిగి వెళుతున్న ఒడిశా వలస కూలీల కుటుంబాలవారు 8 మంది గల్లంతయ్యారు. పిల్లలూ అందులో ఉన్నారు.

జాకెట్లు దొరకని చోట బిరడా గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ డబ్బా కూడా సుమారు 5 కిలోల తేలుడు బలం ఇస్తుంది. దానిని ఛాతీకి కట్టుకోవాలి గాని పడవకు కట్టరాదు. ఇది జాకెట్‌కు ప్రత్యామ్నాయం కాదు, ఏమీ లేనిదానికన్నా నయం మాత్రమే. రెండు దోనెలను పక్కపక్కన కట్టి సంగడిగా నడిపితే పక్కకు ఒరిగే ప్రమాదం తగ్గుతుంది. చెక్క దోనె బోల్తా పడినా సాధారణంగా తేలుతూనే ఉంటుంది. దానిని వదిలి ఈదే ప్రయత్నం చేయక, చేతులతో పట్టుకుని ఉండటం మంచిది.

ఇవి గుర్తుంచుకోవాలి

* జాకెట్‌ను రేవులోనే ధరించాలి. పట్టీలన్నీ బిగించాక భుజాల వద్ద పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి పైకి జారితే అది వదులుగా ఉన్నట్లే.
* పెద్దల జాకెట్‌ పిల్లలకు వేయరాదు. నీటిలో పడగానే తలపై నుంచి ఊడిపోతుంది. పిల్లల బరువుకు తగినది, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది ఎంచుకోవాలి.
* బిడ్డను గుడ్డతో వీపునకు ముడివేసి కట్టుకుని పడవ ఎక్కరాదు. బిడ్డకు వేరుగా జాకెట్‌ వేసి ఒడిలో ఉంచుకోవాలి.
* చిరిగినవి, పట్టీలు తెగినవి, నీరు పీల్చి బరువెక్కినవి తిరస్కరించాలి. ఎందరు ఎక్కారో అన్ని జాకెట్లు లేకుంటే ఆ పడవ ఎక్కకపోవడమే మేలు.
* పడవలో తాడు ఉండాలి. అది మనుషులను కట్టడానికి కాదు, నీటిలో పడినవారికి విసరడానికి. కొసకు బెండు కట్టి ఉంచితే మునగదు. విసిరేవారు దానిని తమ నడుముకు ముడివేసుకోరాదు.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన అంతర్గత నౌకల చట్టం–2021 ప్రకారం యాంత్రిక పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, ప్రాణరక్షణ సామగ్రి తప్పనిసరి. తెడ్డుతో నడిచే దోనెలో కొండ దాటి వచ్చే గిరిజనుని ఒంటిపై మాత్రం జాకెట్‌ కానరాదు. పర్యాటకుల రేవుల వద్ద చూపే శ్రద్ధ ఈ రేవుల వద్ద కూడా చూపితే, పంచాయతీకి పదేసి జాకెట్లు రేవులోనే ఉంచినా, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.