కారు తలుపు సరిగా పడనప్పుడు

కొంతకాలము క్రిందట మా కారు వెనుక తలుపు మెల్లగా వేసినచో పడుట మానినది. కారణమేమని మేము విచారింపలేదు. గట్టిగా వేయుట అలవాటు చేసికొంటిమి. నెల గడచినది. ఒకనాడు మలుపు తిరుగుచుండగా ఆ తలుపు తనంతట తాను తెరచుకొన్నది. దాని కానుకొని నిద్రించుచున్న పిల్లవానిని తల్లి చప్పున లాగుకొనుటచే ప్రమాదము తప్పినది. తరువాత పరీక్షింపగా దోషము స్వల్పమని తేలినది: ఒక బోల్టు వదులైనది.

కారు తలుపును మోయునవి బందులు. దాని అంచున గడియ యుండును. తలుపు వేసినప్పుడు ఆ గడియ, చట్రమునకు బిగించిన కొక్కెమును పట్టుకొనును. ఈ కొక్కెమునే మెకానిక్కులు స్ట్రైకరందురు. గడియకు సాధారణముగా రెండు మెట్లు కలవు. మొదటి మెట్టులో తలుపు మూసినట్లే కనబడును గాని, త్రోసిన కదలును. రెండవ మెట్టు పడిననే తలుపు మూసినట్లు. నేటి కార్లలో తలుపు పడనిచో దీపము వెలిగి హెచ్చరించును. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు వంటి పాత బండ్లలో చేతితో త్రోసియే తెలిసికొనవలెను.

మొదట బందులను చూడవలెను. తలుపును సగము తెరచి, అంచును రెండు చేతులతో పైకెత్తుడు. వదులుగా కదలినచో బందుల చీలలు అరిగినవని గ్రహింపవలెను. తలుపు బరువైనది గనుక ఆ పని మెకానిక్కునకు అప్పగించుట మేలు.

తరువాత గడియ. ఒక్కొక్కప్పుడు తలుపు తెరచియుండగనే గడియ మూసికొనును. అప్పుడెంత బలముగా వేసినను తలుపు వెనుకకే వచ్చును. పిడిని లాగిపట్టి, స్క్రూడ్రైవరుతో గడియను మెల్లగా త్రోసినచో విడును. మురికి గడ్డకట్టియున్నచో తుడిచి, కొద్దిగా గ్రీజు పూయవలెను.

పిమ్మట కొక్కెము. బోల్టులు వదులైనచో బిగించిన చాలును. స్థానము తప్పినచో, ముందు దానిచుట్టు పెన్సిలుతో గీత గీసి, బోల్టులను కొంచెము మాత్రమే సడలించి, ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున జరిపి, బిగించి పరీక్షింపవలెను. మూయునప్పుడు తలుపు అంచు పైకి లేచినచో కొక్కెము ఎత్తుగా నున్నది. క్రిందికి దిగినచో పల్లముగా నున్నది. అయితే బందులరిగి తలుపు వాలినను అంచు పైకి లేచును. అందుచేతనే బందులను ముందు చూడుడంటిమి.

తలుపు చుట్టునుండు రబ్బరు పట్టీ మడతపడినను, ఊడి వ్రేలాడినను తలుపు పడదు. గ్రీజుగాని, కిరసనాయిలుగాని రబ్బరునకు తగులనీయరాదు, ఉబ్బి పాడగును. అద్దములన్నియు మూసియున్నప్పుడు లోపలి గాలియే తలుపును ఎదుర్కొనును. ఒక అద్దము దించగనే తలుపు సులువుగా పడినచో ఆ తలుపునందు దోషము లేదు.

ఢీకొని వంగిన తలుపును మాత్రము ఇంట సరిచేయ యత్నింపరాదు. గడియ పట్టని తలుపును త్రాటితో కట్టి ప్రయాణము సాగించుట మరింత ప్రమాదకరము.

ఇప్పుడు మా ఇంట ఒక నియమము ఏర్పడినది. అందరును కూర్చుండి బెల్టులు పెట్టుకొన్న పిదప, బండి కదలుటకు ముందే, ప్రతి తలుపును ఒకమారు త్రోసి చూతుము. ఇందుకు అర నిమిషమైనను పట్టదు.