సర్కారు కార్ఖానాకు సారథి

ముందు తేదీ ఖరారైంది, తర్వాత కారు. 1983 డిసెంబరు 14న బండి రోడ్డెక్కి తీరాలి. అది సంజయ్ గాంధీ పుట్టినరోజు. సుజుకీతో ఒప్పందం మీద సంతకాలు పడింది 1982 అక్టోబరు 2న. చేతిలో ఉన్నది పద్నాలుగు నెలలు, గుడ్‌గావ్‌లో దివాలా తీసిన సంజయ్ పాత కంపెనీ తాలూకు షెడ్లు. అవతల పక్షం జపానులోనే చిన్న కంపెనీ. ఇవతల పక్షం భారత ప్రభుత్వం. ‘ఫైలు నడుస్తోందండీ’ అనడానికి అంతకంటే అనువైన చోటు ఉంటుందా!

అయినా చెప్పిన రోజుకే ఇందిరాగాంధీ చేతుల మీదుగా, లాటరీలో పేరొచ్చిన ఓ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి మొదటి మారుతి 800 తాళాలు అందుకున్నాడు. ధర 47,500 రూపాయలు. దేశమంతా కలిపి ఏడాదికి యాభై వేల కార్లు కూడా తయారు కాని రోజులవి. పదివేలు డిపాజిట్ కట్టి పేరు నమోదు చేసుకున్నవాళ్లే లక్ష దాటారు.

ఆ కంపెనీని నడిపించిన మనిషి వి. కృష్ణమూర్తి. బీహెచ్‌ఈఎల్, మారుతి, సెయిల్ మూడింటికీ సారథ్యం వహించారు. పేరు వినగానే గుర్తుపట్టేవాళ్లు మాత్రం తక్కువే. ప్రైవేటు పారిశ్రామికవేత్తలకు దక్కే కీర్తిలో పదో వంతు కూడా సర్కారీ ఛైర్మన్లకు దక్కదు మరి.

డిప్లొమాతో మొదలై...

తంజావూరు ప్రాంతంలోని కరువేలి ఆయన ఊరు. 1925లో పుట్టారు. గిండీలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో వైమానిక స్థావరాల్లో టెక్నీషియన్‌గా చేశారు. తర్వాత మద్రాసు విద్యుత్ శాఖ. మన కోస్తా, సీమ జిల్లాలకూ అప్పట్లో కరెంటు పెద్ద అదే. 1954లో ప్రణాళికా సంఘానికి వెళ్లడంతో ఢిల్లీ లోగుట్టు తెలిసొచ్చింది. ఇటు స్పానర్ పట్టిన చెయ్యి, అటు ఫైలు కదిలే దారి తెలిసిన బుర్ర. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే ఆయన అసలు బలమనిపిస్తుంది నాకు.

రామచంద్రాపురం, లింగంపల్లి వైపు వాళ్లకు బీహెచ్‌ఈఎల్ గురించి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు అక్కడ ఉద్యోగమంటే పెళ్లిచూపుల్లో ఇంకో ప్రశ్న ఉండేది కాదు. కానీ 1972లో కృష్ణమూర్తి పగ్గాలు అందుకునేనాటికి అది పేరుకే ఒక కంపెనీ. హైదరాబాద్, తిరుచ్చి యూనిట్లు చెక్ పరిజ్ఞానంతో వచ్చాయి, హరిద్వార్ సోవియట్ సాయంతో. భోపాల్‌ది బ్రిటిష్ వారసత్వం, పైగా అది వేరే కంపెనీ. ఎవరి డ్రాయింగులు వారివి, ఎవరి కొలతలు వారివి. తిరుచ్చి బాయిలరుకు హరిద్వార్ టర్బైన్ జతకలవాలంటే ముందు ఆ రెండు ఊళ్ల ఇంజినీర్లు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి.

ఆయన చేసింది అదే. 1974లో భోపాల్‌నూ కలిపేసి, వచ్చే ఏళ్లలో ఏం చేయాలో కార్పొరేట్ ప్లాన్ రాయించారు. బాయిలరు ఒకరు, టర్బైను ఒకరు అమ్ముకోవడం కాదు, మొత్తం విద్యుత్ కేంద్రాన్ని నిలబెట్టి ఇవ్వాలన్నది అందులోని సారం. మలేసియా, లిబియాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. 1977లో ఆయన్ని భారీ పరిశ్రమల శాఖ కార్యదర్శిని చేశారు. ఐఏఎస్ కాని ఇంజినీరుకు ఆ కుర్చీ దక్కడం చిన్న విషయం కాదు.

ఒకే చొక్కా, ఒకే కేంటీన్

మారుతికి వచ్చేటప్పుడు బీహెచ్‌ఈఎల్ నుంచి తనకు తెలిసిన మనుషుల్ని వెంట తెచ్చుకున్నారు. తర్వాతి కాలంలో మారుతి ముఖచిత్రంగా మారిన ఆర్.సి. భార్గవ వాళ్లలో ఒకరు. మొదట రెనో పెద్ద కారు ఆలోచన కూడా నడిచింది. జనానికి కావాల్సింది తక్కువ తాగే చిన్న బండి అని సర్వేలో తేలాక దారి మళ్లింది.

అసలు దిగుమతి కారు కాదు, షాపుఫ్లోర్. అప్పట్లో చాలా కార్ఖానాల్లో ఆఫీసర్ల భోజనాల గది వేరు, కార్మికులది వేరు. మరుగుదొడ్లు కూడా వేరే. గుడ్‌గావ్‌లో ఛైర్మన్ నుంచి హెల్పర్ దాకా ఒకే యూనిఫాం, ఒకే కేంటీన్. క్యాబిన్లు లేని ఆఫీసు, షిఫ్టుకు ముందు అందరికీ వ్యాయామం. సుజుకీ పద్ధతులే ఇవన్నీ. ‘మన దగ్గర ఇవి కుదరవులే’ అని పక్కన పెట్టకపోవడం కృష్ణమూర్తి గొప్పతనం.

నిజం చెప్పాలంటే ఆయనకున్న అండ ఇంకే సర్కారీ ఛైర్మన్‌కూ లేదు. ప్రధాని ఇల్లే ఆ ప్రాజెక్టును కనిపెట్టుకుని ఉంది. అడ్డుపడే గుమాస్తాకు ఆ సంగతి తెలుసు. ఆ గొడుగు లేకుండా పద్నాలుగు నెలల్లో కారు వచ్చేదా? నాకైతే అనుమానమే.

1985లో సెయిల్. విశాఖ ఉక్కు అప్పటికి మూడేళ్ల క్రితమే దాన్నుంచి వేరుపడింది. రెండు లక్షలకు పైగా ఉద్యోగులు, పీకల్లోతు సమస్యలు. కొత్త కొలిముల కోసం చెయ్యి చాచకుండా ఆయన ముందు మీటింగులు పెట్టారు. ప్లాంటు ప్లాంటుకూ తిరిగి వేలమంది చెప్పింది విన్నారు. హాజరు, ఓవర్‌టైం, మరమ్మతులు వంటి రోజువారీ విషయాలతో ‘ప్రయారిటీస్ ఫర్ యాక్షన్’ పేరిట చేయాల్సిన పనుల జాబితా తయారైంది. సంస్థ లాభాల బాట పట్టింది. అయితే ఉక్కు ధరలపై ప్రభుత్వ అజమాయిషీ నడిచిన కాలమది, కాబట్టి ఆ లాభమంతా ఆయన ఖాతాలో వేయలేం.

ఆయన వెళ్లాక

మారుతిలో 26 శాతంతో మొదలైన సుజుకీ వాటా 1992కల్లా 50 శాతానికి చేరింది. 1997లో ప్రభుత్వం మన తెలుగువాడు ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడిని మేనేజింగ్ డైరెక్టర్‌గా నియమిస్తే, సుజుకీ ససేమిరా అంది. గొడవ పంచాయితీ దాకా వెళ్లి, మరుసటి ఏడాది రాజీతో ముగిసింది. 2012 జులైలో మానేసర్ ప్లాంటులో జరిగిన హింసలో హెచ్ఆర్ అధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. పర్మినెంటు, కాంట్రాక్టు కార్మికుల జీతాల మధ్య తేడా అక్కడ అంతకుముందు నుంచే రగులుతోంది. ఒకే యూనిఫాం ఆ తేడాను కప్పలేకపోయింది.

కృష్ణమూర్తికి 2007లో పద్మవిభూషణ్ వచ్చింది. 2004లో ఏర్పాటైన తయారీ రంగ పోటీతత్వ మండలికి ఆయనే అధ్యక్షుడు. జీడీపీలో తయారీ వాటాను 2022కల్లా 25 శాతానికి చేర్చాలని 2011 నాటి జాతీయ విధానం రాసుకుంది. ఆ గడువు ఏడాది జూన్ 26న, 97 ఏళ్ల వయసులో ఆయన చెన్నైలో కన్నుమూశారు. అప్పటికీ ఆ వాటా 17 శాతం దరిదాపుల్లోనే ఉంది.